ఆరు నెలలు నిండిన పాపకి అంతా ఆర్గానిక్‌గానే పెట్టాలా?

మియాపూర్ నుంచి రాసిన అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకి ఇంకో పది రోజుల్లో ఆరు నెలలు నిండుతాయి, మొదటి ముద్ద నుంచి ఆర్గానిక్ తప్ప వేరేది నోట్లో పడకూడదని మీరు గట్టిగా అనుకున్నారు. రాగి పిండి, చిరుధాన్యాల మిక్స్, యాపిల్ పొడి, సీసాలో వచ్చే ఫామ్ పాలు, అన్నీ కలిపి నెలకి ఏడు వేల దాకా లెక్క తేలింది. మీ అత్తమ్మ ఇంట్లో ఉగ్గు చేసి పెడితే చాలంటున్నారు, మీవారు ఖర్చు చూసి వెనకాడుతున్నారు. ఎవరి మాట వినాలి, హైదరాబాద్‌లో నమ్మకంగా ఎక్కడ కొనాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లల ఆహారం మీదే పనిచేస్తున్న డైటీషియన్‌ని. మొదటి ఆరేళ్లు అంగన్‌వాడీల చుట్టూ తిరిగాను, ఆ తర్వాత నుంచి పిల్లల క్లినిక్‌లో ఉన్నాను. అందుకని సూటిగానే చెప్తాను, మీ అత్తమ్మ మాటలో చాలా వరకు నిజం ఉంది. మీ ఆలోచన తప్పు కాదు. కానీ ఆర్గానిక్ అనే మాట పంట ఎలా పండిందో చెప్తుంది, అంతే. ఆ గిన్నెలో మీ పాపకి కావలసినవి ఉన్నాయా లేదా అన్నది అది చెప్పదు. ఆరో నెల దాటిన బిడ్డకి ముందు చూడాల్సింది ఐరన్, తర్వాత చిక్కదనం, తర్వాత శుభ్రత, ఆ తర్వాత రకరకాల రుచులు. ఆర్గానిక్ వీటన్నిటి తర్వాత వస్తుంది. ఈ వరస తారుమారైతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మూడేళ్ల కింద ఒక బాబుని తీసుకొచ్చారు, పదకొండు నెలలు. చదువుకున్న తల్లిదండ్రులు, చాలా శ్రద్ధ ఉన్న ఇల్లు. బాబుకి అన్నీ ఆర్గానిక్కే. పొద్దున మొలకల రాగి జావ, మధ్యాహ్నం రాగి జావ, సాయంత్రం ఉడికించిన యాపిల్, మిగతా అంతా తల్లిపాలు. గుడ్డు పెట్టలేదు, నమ్మకమైన ఆర్గానిక్ గుడ్డు దొరకలేదని. పప్పు పైన తేరుకున్న నీళ్లు మాత్రమే పట్టేవాళ్లు, గ్యాస్ వస్తుందేమోనని. బాబు తెల్లగా ఉన్నాడని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్లట. అది తెలుపు కాదు, రక్తం లేక పాలిపోవడం. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది, ఆ వయసుకి కనీసం 11 ఉండాలి. ఆ తల్లి క్లినిక్‌లోనే కూర్చుని ఏడ్చింది, ఇంత ఖర్చు పెట్టి ఇంత జాగ్రత్తగా చూసుకుంటే ఇలా అయిందేంటని. ఆమె చేసినదాంట్లో నిర్లక్ష్యం అన్నమాటే లేదు. డాక్టర్ ఐరన్ డ్రాప్స్ రాశారు, నేను తిండి మార్చాను, మూడు నెలల్లో బాబు కోలుకున్నాడు. ఆ తల్లి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే, మీ ప్రశ్న చదవగానే ముందు ఆమే గుర్తొచ్చింది.

ఎందుకలా జరుగుతుందంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే కొంత ఐరన్ దాచుకుని వస్తుంది. ఆ నిల్వ దాదాపు ఆరు నెలలు సరిపోతుంది. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ, అది ఏ తల్లి లోపమూ కాదు, పాల స్వభావమే అంత. కాబట్టి ఏడో నెల నుంచి ఐరన్ బయటి తిండి నుంచే రావాలి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇది పేద ఇళ్ల సమస్యే అనుకోకండి, గేటెడ్ కమ్యూనిటీల నుంచి వచ్చే పిల్లల్లో కూడా నేను చూస్తూనే ఉన్నాను.

రాగులు మంచివే, వాటి మీద నాకే కోపమూ లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని ఉంది, అంటే పాలకి సుమారు మూడు రెట్లు. కానీ ఐరన్ నాలుగున్నర మిల్లీగ్రాముల చిల్లరే, అందులోనూ ఫైటేట్ అనే పదార్థం వల్ల ఒంటికి పట్టేది కొంచెమే. పైగా పాప రోజుకి 100 గ్రాముల రాగులు తినదు కదా. ఆర్గానిక్ రాగుల్లోనూ ఇంతే, మామూలు రాగుల్లోనూ ఇంతే. ఇంకో మాట, రాగి లాంటి చిరుధాన్యాలకి మందులు కొట్టే అవసరమే తక్కువ. అంటే అందరూ ముందుగా దేన్ని ఆర్గానిక్‌లో కొంటారో, ఆ పంటకే ఆ అదనపు ఖర్చు వల్ల ఒరిగేది అన్నిటికన్నా తక్కువ. మామూలు కిరాణా షాపులో మంచి రాగులు కొని, చెరిగి, రాళ్లు ఏరి, కడిగి వాడుకోండి.

ఇక మీ అత్తమ్మ ఉగ్గు సంగతి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు, రెండూ విడివిడిగా కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, సన్న రవ్వలా పట్టించి పెట్టుకుంటారు కదా, అది ఏ కంపెనీ మిక్స్‌కీ తీసిపోదు. బియ్యంలో తక్కువగా ఉండే మాంసకృత్తుల భాగం పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడింది బియ్యంలో ఉంటుంది, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పాత తరం ఆడవాళ్లు ఇది ఏ పుస్తకమూ చదవకుండా చేశారు. పదిహేను రోజులకి సరిపడా మాత్రమే పట్టించుకోండి, వానాకాలంలో అయితే వారానికే, ఎందుకంటే మన ఊళ్లో జులై ఆగస్టుల్లో డబ్బాలో పిండి ఇట్టే ముక్కిపోతుంది. ఉడికించేటప్పుడు చివర్లో అర స్పూను నెయ్యి వేయండి.

చిక్కదనం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. బిడ్డ పొట్ట ఒకసారికి కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పట్టుకుంటుంది. ఏడు కిలోల పాప అయితే మహా అయితే 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు. అందులో పల్చటి జావో, పప్పు కట్టో, క్యారెట్ ఉడికించిన నీళ్లో పోస్తే పొట్ట నిండుతుంది గానీ ఒంటికి ఏమీ అందదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక బయటి తిండి నుంచి రోజుకి 200 కేలరీల దాకా రావాలి, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300. నీళ్లతో అది రాదు. స్పూను వంచితే జారి పడిపోకుండా అంటుకుని ఉండాలి, అదీ కొలత. పప్పు నీళ్లు కాదు, పప్పే పెట్టండి, మెత్తగా మెదిపి. పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది, దానితో మొదలుపెట్టండి, గ్యాస్ భయం అక్కర్లేదు.

అయితే చిక్కగా ఉంటే చిన్న పిల్లలు మింగలేకపోతున్నారు అంటారు, నిజమే. దానికి మొలకల రాగి పిండిలో ఒక చక్కటి ఉపాయం ఉంది. రాగులు రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో మూటకట్టి, ఒకటి రెండు రోజుల్లో మొలక వచ్చాక నీడలో బాగా ఆరబెట్టి, పేరుకి మాత్రం వెచ్చచేసి పిండి పట్టించండి. గట్టిగా వేయించొద్దు, వేడికి అందులోని గుణం పోతుంది. ఉగ్గు గానీ అన్నం గానీ చిక్కగా ఉడికించి, దించి, కాస్త వేడి తగ్గాక ఈ పిండి అర స్పూను కలిపి కొన్ని నిమిషాలు వదిలేస్తే దానంతట అదే జారుగా అవుతుంది, ఒక్క చుక్క నీళ్లు పొయ్యకుండానే. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండి పదార్థాన్ని విరగ్గొడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. తర్వాత మళ్లీ స్టవ్ మీద పెట్టి బాగా పొంగనిచ్చి, చల్లార్చి పెట్టాలి, ఇది మర్చిపోవద్దు. మొలకెత్తించేటప్పుడు పుల్లటి వాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారెయ్యండి, కడిగి వాడుకుందామని చూడొద్దు.

ఐరన్ కోసం ఏం పెట్టాలి? మీరు మాంసాహారులో కాదో రాయలేదు కాబట్టి రెండూ చెప్తాను. తినే ఇల్లయితే ఏడో నెలలోనే కోడి కార్జం బాగా ఉడికించి మెత్తగా చేసి వారానికి ఒక్కసారి రెండు స్పూన్లు పెట్టండి, అంతకు మించొద్దు, అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ. మటన్ కీమా, చికెన్ మెత్తగా రుబ్బి అన్నంలో కలపండి, ముల్లు పూర్తిగా తీసేసిన కొర్రమీను కూడా పెట్టొచ్చు. గుడ్డు పూర్తిగా ఉడికించి పెట్టాలి, పచ్చసొనా తెల్లసొనా రెండూ. ఏడాది దాకా తెల్లసొన వద్దనేది పాత మాట. నాటుకోడి గుడ్డు దొరక్కపోతే మామూలు గుడ్డే పెట్టండి, అసలు గుడ్డు లేకపోవడం కన్నా అది వంద రెట్లు నయం. ఇదే విషయం పల్లీల గురించి కూడా. 2015లో లండన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధనలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి పల్లీలు తొందరగా మొదలుపెడితే ఆ అలర్జీ బాగా తగ్గిందని తేలింది. కాబట్టి వేయించి పొట్టు తీసిన పల్లీలు మెత్తటి పేస్టులా చేసి, ఉగ్గులో పల్చగా కలిపి, పావు స్పూనుతో మొదలుపెట్టండి. పాపకి ఒంటి మీద గజ్జిలాంటి ఎగ్జిమా బాగా ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. గింజలుగా మాత్రం అయిదేళ్ల దాకా పెట్టొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.

శాకాహారులైతే పప్పులు, శనగలు, మునగాకు, తోటకూర ఇవే ఆధారం. వాటిలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి, అందుకే మెదిపిన పప్పన్నంలో దించాక రెండు చుక్కలు నిమ్మరసం పిండండి, లేదా పండిన టమాటా కలిపి ఉడికించండి. ఇలా చేసినా కూరగాయలతోనే మొత్తం అవసరం తీరడం కష్టం. అందుకే ఐరన్ చుక్కల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన అనీమియా ముక్త్ భారత్ అనే రక్తహీనత నివారణ పథకంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్ ఇస్తారు, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మీ బస్తీ ఆశా కార్యకర్తని అడిగితే దొరుకుతుంది. చాలామంది తల్లులు ఇది మందు, కెమికల్, మాకొద్దు అంటారు. బిడ్డ మెదడు వేగంగా పెరిగే రోజులివి, ఐరన్ లేకుండా గడిచిన నెలల్ని తర్వాత వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

ఈ సందర్భంలోనే డబ్బా సిరియల్ సంగతి. మీరు ఆర్డర్ పెట్టిన ఆర్గానిక్ మిక్స్ ప్యాకెట్ వెనక ఒకసారి చూడండి, ఐరన్ ఎంతుందో రాశారా అని. ఆన్‌లైన్‌లో అమ్మే చాలా ఇంటి తరహా మిక్సుల్లో ఐరన్ విడిగా కలపరు, అది గొప్పగా కూడా చెప్పుకుంటారు. మామూలు సిరియల్‌లో ఐరన్ కలుపుతారు గానీ కొన్నిట్లో చక్కెర ఉంటుంది. చక్కెర లేనిది చూసి, ప్రయాణాల్లో వాడుకుంటే తప్పేమీ లేదు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పొడిని నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారు చేస్తుంది, గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె ఉంటాయి, ఐరన్, విటమిన్లు కలిపి ఉంటాయి, నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్. అందులోనూ చక్కెర ఉంది, అది నాకు నచ్చని విషయం, కానీ డబ్బుకి ఇబ్బంది ఉన్న ఇంట్లో ఆ ప్యాకెట్ తేలిగ్గా తీసిపారేయొద్దని నేను ఎప్పుడూ చెప్తాను. ఒక సంగతి తెలుసుకోండి, 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి మన దేశంలో ప్రకటనలు ఇవ్వకూడదు. ఫోన్‌లో ఎవరైనా ఒక తల్లి చిరునవ్వుతో మా పాప ఇదే తింటుంది అంటూ ఆరో నెల పొడి చూపిస్తుంటే, ఆ మాట నమ్మి కొనకండి.

మరి ఆర్గానిక్ ఎక్కడ పనికొస్తుంది? పురుగుమందుల అవశేషాలు తగ్గుతాయి, అది నిజమైన లాభం, చిన్న ఒంటికి ఆ తేడా ఇంకా ముఖ్యం. డబ్బుంటే ఆకుకూరలు, ద్రాక్ష, యాపిల్, గోబీ, వంకాయ, బెండకాయ, వీటి మీద పెట్టండి, ఎందుకంటే వీటి మీద మందులు ఎక్కువ కొడతారు, వీటిని తొక్క తీయకుండానో ఆకుతో సహానో తింటాం. అరటిపండు, బొప్పాయి, గుమ్మడికాయ, చిలగడదుంప, సొరకాయ, వీటి తొక్క తీసేస్తాం, మామూలువి చాలు. పాపకి మొదటి నెలల్లో పెట్టేవి ఎక్కువగా ఇవే కదా, చూడండి, రాగులు, ఉగ్గు కూడా మామూలువే చాలు కాబట్టి మీ ఏడు వేల లెక్క చాలా తగ్గిపోతుంది.

ఆకుకూరల విషయంలో హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. మూసీ ఒడ్డున మురుగు నీళ్లతో పండే పాలకూర, తోటకూర నగరంలోకి వస్తాయని మనందరికీ తెలుసు. అందుకే ఆకుకూర ఒక్కటి మాత్రం మీరే పెంచుకోండి, ఇదే నేను ప్రతి తల్లికీ చెప్పే మాట. బాల్కనీలో రెండు టబ్బుల్లో తోటకూర, మెంతికూర చల్లితే నెల తిరక్కముందే కోతకొస్తాయి, పాపకి రోజుకి కావలసింది గుప్పెడు ఆకే. మార్కెట్‌వి తెస్తే కొళాయి కింద రెండుమూడు సార్లు కడిగి, లీటరు నీళ్లకి 20 గ్రాముల ఉప్పు కలిపి పావుగంట నానబెట్టి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. అవశేషాలు పూర్తిగా పోవు గానీ బాగా తగ్గుతాయి. వండిన పాలకూర గుజ్జు దాచిపెట్టి మర్నాడు పెట్టకండి, ఏ పూటది ఆ పూటే.

కొనే చోటు గురించి. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గానీ, ఇండియా ఆర్గానిక్ గానీ, పీజీఎస్ ఆర్గానిక్ (రైతులు బృందంగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) గానీ గుర్తు ఉందా చూడండి. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా మార్పు దశలోనే ఉందని అర్థం, రసాయనాలు మానేసిన పొలానికి పూర్తి గుర్తింపు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నేచురల్, నాటు, ఫామ్ ఫ్రెష్, కెమికల్ ఫ్రీ, ఈ మాటలు వెనక అలాంటి తనిఖీ ఉందనడానికి గుర్తేమీ కాదు. నేను కూడా ఒకసారి మోసపోయాను. మా అమ్మాయికి బిడ్డ పుట్టినప్పుడు ఆదివారం పెట్టే ఒక స్టాల్‌లో ఆర్గానిక్ అని చెప్తే నాలుగు నెలల పాటు పప్పులు, పల్లీలు విడిగా కొన్నాను. ఒకరోజు లేబుల్ ఏదని అడిగితే అతను హోల్‌సేల్ మార్కెట్ నుంచి తెస్తున్నానని ఒప్పుకున్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ పల్లీలు పాతవి, కొన్ని ముక్కిపోయిన వాసన వచ్చాయి, అవి పసిబిడ్డ కోసం కొన్నానే అని చాలా బాధపడ్డాను. పల్లీలకి పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, లివర్‌కి హాని చేస్తుంది, వండినా పోదు, ఆర్గానిక్ పల్లీలకి కూడా పడుతుంది. ముడతలు పడ్డవీ, రంగు మారినవీ, చేదుగా ఉన్నవీ ఒక్కొక్కటీ ఏరి పారెయ్యాలి.

నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కాబట్టి లేబుల్ లేదని ప్రతి రైతునీ అనుమానించొద్దు. కానీ ఊరు ఏది, ఏ పంట ఎప్పుడు వేశారు, పురుగుకి ఏం కొడతారు అని అడగండి, నిజంగా చేసేవాళ్లు వేపకషాయం, జీవామృతం గురించి అడక్కపోయినా చెప్తారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏళ్లుగా రసాయనాలు లేకుండా చిరుధాన్యాలు పండిస్తున్నారు, జనగామ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా మందులు మానేసి చూపించింది. నగరంలో సహజ ఆహారం లాంటి రైతు సంఘాల సరుకు దొరికితే అది నేను నమ్ముతాను. మీకు దగ్గరగా కూకట్‌పల్లి రైతుబజార్ ఉంది, అక్కడివి ఆర్గానిక్ కాదు, కానీ పొద్దున్నే వెళ్తే కూరగాయలు తాజాగా, చౌకగా దొరుకుతాయి, రోజువారీకి అది చాలు.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది. సహజమైనదంతా బిడ్డకి మంచిది కాదు. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, అడవి తేనె అయినా, గిరిజనులు తెచ్చినదైనా, అన్నప్రాసనలో వేలితో నాకించడం అయినా సరే. అందులో ఉండే బొట్యులిజం బీజాలు చిన్న పిల్లల పేగుల్లో మొలకెత్తి నరాలు పట్టు తప్పేలా చేస్తాయి, ఇంట్లో మరిగించినా ఆ బీజాలు చావవు. వస కొమ్ము అరగదీసి పోయడం, జన్మఘుట్టి పేరుతో అమ్మే మూలికల మందు, ఇవి కూడా మానండి. బెల్లం ఆర్గానిక్‌దైనా చక్కెరే, ఖర్జూరం సిరప్ కూడా అంతే, రెండేళ్ల దాకా తీపి కలపకుండా ఉంటే మంచిది. ఉప్పు ఏడాది దాకా వద్దు. ఇక్కడ మీ గురించి ఒక మాట, పాలిచ్చే తల్లులు చాలామంది ఇప్పుడు సైంధవ లవణానికి మారుతున్నారు, అది సహజమని. అందులో అయోడిన్ కలపరు. మీ పాల ద్వారా పాపకి అందాల్సిన అయోడిన్ మీ తిండి నుంచే వెళ్తుంది, కాబట్టి మీ వంటకి మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడండి.

సీసాలో వచ్చే ఫామ్ పాలు ఆపెయ్యండి. ఏ2 అని రాసి అమ్మే పాలైనా, దేశీ ఆవువైనా, ఏడాది లోపు బిడ్డకి తాగే పాలుగా ఇస్తే ఐరన్ ఇంకా తగ్గుతుంది, పొట్ట పాలతోనే నిండి అన్నం తినదు. పెరుగు కొంచెం అన్నంలో కలపొచ్చు. పచ్చి పాలు ఇంటికి వస్తుంటే మీరూ బాగా మరిగించకుండా తాగొద్దు. పసుపు విడిగా అమ్మే పొడి కాకుండా నిజామాబాద్ కొమ్ములు తెచ్చి మీరే దంచుకోండి, పొడిలో రంగు కోసం సీసం ఉన్న రసాయనం కలిపే కల్తీ మన దేశంలో దొరికింది, సీసం పసిపిల్లల మెదడుకి చాలా చెడ్డది. మామిడిపండ్ల కాలం వచ్చినప్పుడు కాయల్ని తొందరగా పండించే కార్బైడ్ అనే రసాయనం మాట గుర్తుంచుకోండి, దాన్ని నిషేధించారు గానీ వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. పచ్చి కాయలు తెచ్చి బియ్యం డబ్బాలో పండబెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

అన్నప్రాసన ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నారో రాయలేదు. ఆడపిల్లకి అయిదో నెలలో చేయాలని కొన్ని ఇళ్లలో పట్టుదల ఉంటుంది, మీ పాపకి ఎలాగూ ఆరు నెలలు నిండబోతున్నాయి కాబట్టి 180 రోజులు దాటాక ఏ రోజైనా పెట్టుకోండి. పాయసం ముద్ద పెదాలకి తాకిస్తే చాలు, పెద్దవాళ్ల మనసూ నిలుస్తుంది. మర్నాటి నుంచి అసలు తిండి మొదలు. మొదటి వారం పొద్దున ఒక్క పూట ఉగ్గు రెండు మూడు స్పూన్లు, పాలు పట్టడం మామూలుగానే కొనసాగిస్తూ. రెండో వారం నుంచి రెండు పూటలు, పప్పన్నం, గుమ్మడికాయ, గుడ్డు ఒక్కొక్కటే కొత్తగా చేరుస్తూ. ఎనిమిదో నెల నిండేసరికి రెండు మూడు పూటలు, పూటకి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా వస్తే బాగున్నట్టే. ఒకరోజు తింటుంది, ఒకరోజు ఉమ్మేస్తుంది, టెన్షన్ పడొద్దు. కొత్త రుచి ఎనిమిది పదిసార్లు చూపిస్తేగానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు. నోరు తిప్పేసుకుంటే ఆపేయండి, ఫోన్ చూపించి కుక్కొద్దు. గిన్నె, స్పూను మరిగే నీళ్లలో ముంచి తియ్యండి, వండేముందూ పెట్టేముందూ చేతులు సబ్బుతో కడగండి, మిగిలింది రెండు గంటలు దాటితే మళ్లీ పెట్టకండి.

మీరు రాయని ఒక విషయం మాత్రం నాకు కావాలి, పాప నెలలు నిండాకే పుట్టిందా, పుట్టినప్పుడు ఎంత బరువుంది? నెలలు తక్కువగా పుట్టినా, రెండున్నర కిలోల లోపు ఉన్నా ఐరన్ నిల్వ ముందే అయిపోతుంది, అలాంటి పిల్లలకి ఆరు నెలలు ఆగకుండా చుక్కలు మొదలుపెట్టాలి. అలా అయితే అన్నప్రాసన కోసం ఎదురుచూడకుండా ఈ వారమే మీ డాక్టర్‌ని కలవండి. రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేస్తున్నారో లేదో కూడా అప్పుడే అడగండి. టీకాల కార్డులో ఇప్పటిదాకా రాసిన బరువులు అన్నీ ఇక్కడ రాస్తే, ఉగ్గులో నెయ్యి, పప్పు ఎంత పెంచాలో మీ పాపకి సరిపడేలా లెక్క వేసి చెప్తాను.